తీరికవేళ అల్లిక

గోదావరి డెల్టాకు ఈశాన్యమున, సామర్లకోటకు చేరువలో పెద్దాపురము అను పట్టణము కలదు. పూర్వము ఇది వత్సవాయి వంశపు ప్రభువులకు రాజధానిగా నుండెను. 2022వ సంవత్సరమున జిల్లాలు తిరిగి విభజింపబడినప్పుడు ఇది కాకినాడ జిల్లాలో చేరినది. పట్టువస్త్రముల నేతకు ఈ పట్టణము చిరకాలముగా పేరుపొందినది. నేతవారి వాడలో పుట్టి పెరిగిన పిల్లలకు పడుగు అన నేమో, పేక అన నేమో ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు. నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగెత్తు చప్పుడే వారికి జోలపాట.

అట్టి వాడలోని ఒక యింటిని ఊహించుకొందము. అది మార్గశిరమాసము. తెల్లవారుజామున మంచు కురియుచున్నది. ఆ యింటి ఆడపడుచు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చియున్నది. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట ఆమె తల్లి అరుగుమీద స్తంభమున కానుకొని కూర్చుండి, ఒడిలో పసుపుపచ్చని ఊలు ఉండను ఉంచుకొని, కొక్కెపు సూదితో ఏమో అల్లుచున్నది. బడికి సెలవైనందున ఇంటనున్న మనుమడు దగ్గరకు వచ్చి, "మామ్మా, ఏమి చేయుచున్నావు?" అని యడిగెను.

"ఏమియు లేదురా నాయనా! తీరికగా కూర్చుంటిని గదా యని అత్తకు పుట్టబోవు బిడ్డకు టోపీ అల్లుచున్నాను" అని ఆమె బదులు చెప్పెను.

మనుమడు ప్రక్కనే కూర్చుండి చూచుచుండెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగిన వాసన వచ్చెను. మామ్మ సూదిని ఉండలో గ్రుచ్చి లేచెను. తిరిగి వచ్చి పది కుట్లు వేయునంతలో మగ్గము గుంటలోనుండి తాత కండెలకై కేకవేసెను. ఆమె లేచి రాట్నముకడ కూర్చుండి కండెలు చుట్టి యిచ్చెను. మరల వచ్చి కూర్చుండగా కూతురు దాహ మడిగెను. తరువాత ఎండబోసిన గుమ్మడి వడియములమీదికి కాకులు వచ్చెను. సాయంకాలమగువరకు ఆమె ఎన్నిమారులు లేచెనో, ఎన్నిమారులు కూర్చుండెనో మనుమడు లెక్కింపలేకపోయెను. అయినను దీపములు పెట్టు వేళకు టోపీ మూడు వ్రేళ్ల మేర పెరిగియుండెను.

ఆమె "తీరిక" యనినది ఇట్టిది. ఆ తీరికలో ఎంత పని యున్నది? ఆ పనికి విలువ యేమి? అల్లిన వస్తువు బిడ్డ తలపై టోపీ అయినప్పుడు ఆ పనిని ఎట్లు ఎంచవలెను? అదే వస్తువు అమ్మకమునకై దూరదేశమునకు పోవునప్పుడు ఎట్లు ఎంచవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియవలెనన్న ముందుగా అల్లిక యన నేమో తెలిసికొనవలెను.

మగ్గముమీద వస్త్రము సిద్ధమగుటకు రెండు విధములైన దారములు కావలెను. నిలువుగా బిగించినది పడుగు. అడ్డముగా నడచునది పేక. అల్లికలో ఇట్టి జంట లేదు. మొదటినుండి తుదివరకు నడచునది ఒక్కటే దారము. ఆ దారమును ఉచ్చుగా మలచి, ఆ యుచ్చులోనుండి మరియొక యుచ్చును లాగి, దానిలోనుండి ఇంకొకదానిని లాగుచు పోవుటయే అల్లిక. ఒక యుచ్చు మరియొక యుచ్చును పట్టుకొని నిలుచును. లాగినప్పుడు ఉచ్చులు సాగి, వదలినప్పుడు మరల యథాస్థితికి వచ్చును. అల్లిన బట్ట శరీరమునకు అతుక్కొని యుండుటకు ఇదియే కారణము. మనము ధరించు బనియనులును, మేజోళ్లును యంత్రముపై అల్లినవేకాని నేసినవి కావు.

అల్లికకు మగ్గము అక్కరలేదు; గుంట అక్కరలేదు; సూదియు, దారపు ఉండయు చాలును. అది ఒడిలోనే సాగును. మనిషి లేచినప్పుడు ఆగును, కూర్చుండినప్పుడు మరల మొదలగును. ఇంటిపనుల నడుమ ఇట్లు ఇమిడిపోగల గుణము నేతకు లేదు, అల్లికకు కలదు. ఆ గుణమే అల్లికపనికి మేలును తెచ్చినది, కీడును తెచ్చినది. ఆ సంగతి ముందు తెలియగలదు.

చేతి అల్లికలో ముఖ్యముగా రెండు తెగలు కలవు. రెండు పొడవైన సూదులతో అల్లునది మొదటిది. స్వెట్టరులు, మఫ్లరులు సాధారణముగా ఈ విధముననే అల్లుదురు. ఇందు ఒక వరుసలోని ఉచ్చులన్నియు ఒకేమారు సూదిమీద నిలిచియుండును. రెండవ సూది వానిని ఒక్కొక్కటిగా తనపైకి తీసికొనును. ఏమరుపాటున ఒక యుచ్చు సూదినుండి జారెనేని, నిచ్చెనమెట్లవలె వరుసవెంట వరుస క్రిందివరకు విడిపోవును.

రెండవ తెగ క్రోషా. ఇది ఫ్రెంచిభాషలోని మాట. చిన్న కొక్కెము అని దీని యర్థము. కొనయందు కొక్కెముగల ఒక్క సూదియే దీనికి సాధనము. ఇందు సాధారణముగా ఒక కుట్టు ముగిసిన పిదపనే మరియొకటి మొదలగును. కుట్టు ముగిసిన వేళ సూదిమీద ఒక్క ఉచ్చు మాత్రమే నిలిచియుండును. అందుచేత క్రోషాపనిని ఎప్పుడైనను ఆపవచ్చును. పాలు పొంగినప్పుడు మామ్మ సూదిని ఉండలో గ్రుచ్చి లేచిపోగలుగుట ఇందువలననే.

ఈ రెండు తెగలకును సమానమైన మంచిగుణము ఒకటి కలదు. అల్లినది తప్పుపోయినచో కత్తిరింప నక్కరలేదు. దారపు కొనను పట్టి లాగినచో అంతయు విడిపోయి తిరిగి దారమే చేతికి వచ్చును. అన్నకు పొట్టియైన స్వెట్టరును విప్పి, ఆ ఊలును ఉతికి, ఆరబెట్టి, ఉండగా చుట్టి, తమ్మునికి క్రొత్తగా అల్లియిచ్చిన తల్లులు ఎందరో కలరు. వస్తువు మారును; దారము వృథా కాదు. అయితే మొదటిమారు అల్లుటకు పట్టిన కాలము మాత్రము తిరిగి రాదు.

గోదావరీతీరమున చలి కొద్దికాలమే యుండును. కావున ఇచ్చట ఊలుకంటె నూలుదారముతో పని యెక్కువ. గుమ్మమునకు వ్రేలాడదీయు తోరణము, బల్లమీది గుడ్డ, కుర్చీవీపుపై పరచు లేసు, రేడియో ఇంటింటికి వచ్చిన కాలమున దానిపై కప్పుటకు అల్లిన ముసుగు – ఇట్టివి తెలుగువారి యిండ్లలో చిరపరిచితములు. కూతురు అత్తవారింటికి పోవునప్పుడు పెట్టెలో ఒక తోరణము పెట్టి పంపుదురు. స్నేహితురాలి పెండ్లికి బల్లగుడ్డ అల్లి యిత్తురు. ఇట్టి కానుకలో ఒక విశేషము కలదు. అంగడిలో కొన్న వస్తువు ఎవరికైనను సరిపోవును. చేతితో అల్లినది ఒకరినే తలచుకొని మొదలిడబడును. తల యెంత, గుమ్మము వెడల్పు ఎంత, ఇష్టమైన రంగు ఏది యని ముందే యోచించి మొదలుపెట్టవలెను.

టోపీ గుండ్రముగా ఎట్లు వచ్చునో తెలిసికొనుటకు కొంత గణితము అవసరము. ముందు 6 కుట్లతో చిన్న వలయము చేయుదురు. రెండవ వలయమున ప్రతి కుట్టులోను రెండేసి వేసి 12 చేయుదురు. మూడవ వలయమున 18, నాలుగవదానిలో 24 – ఇట్లు వలయమునకు ఆరేసి చొప్పున పెంచుకొని పోయినచో అల్లిక పళ్లెమువలె చదునుగా పరచుకొనును. వృత్తముయొక్క వ్యాసార్ధము సమముగా పెరుగునప్పుడు చుట్టుకొలతయు సమముగా పెరుగవలెనను నియమమే ఇందలి రహస్యము. పెంచుట మాని, ఉన్నన్ని కుట్లే వేయుచు పోయినచో అంచులు వంగి, అల్లిక గిన్నె ఆకారమును పొందును, అదియే టోపీ. పెంచవలసినదానికంటె ఎక్కువగా పెంచినచో అంచులు కుచ్చెళ్లవలె ముడుతలు పడును.

ఈ ముడుతలు పెద్దచదువులకును ఉపకరించినవి. ఒక సరళరేఖకు వెలుపలనున్న బిందువుగుండ, ఆ రేఖను తాకని రేఖలు అనేకములు గీయదగిన వింత తలము ఒకటి గణితశాస్త్రమున కలదు. దానిని హైపర్బోలిక్ తలమందురు. కాగితముతో దాని నమూనాలు చేసినచో త్వరగా చిరిగిపోవుచుండెను. 1997వ సంవత్సరమున అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా టైమినా అను గణితశాస్త్రజ్ఞురాలు, వరుసకు ఇన్ని కుట్లు అను నిష్పత్తితో పెంచుచు, ఆ తలమును క్రోషాతో అల్లి చూపెను. విద్యార్థులు దానిని చేత పట్టి, మడచి, పరిశీలింపగలిగిరి. వంటింటి అరుగుమీది విద్య విశ్వవిద్యాలయపు బల్లమీద చోటు సంపాదించినది.

ఇక టోపీలోని కుట్లను లెక్కింతము. మొదటి 10 వలయములలో 6 మొదలు 60 వరకు పెరిగిన కుట్లు మొత్తము 330. పిమ్మట 60 కుట్ల చొప్పున 15 వలయములు వేసినచో 900. రెండును కలిసి 1,230 కుట్లు. నిమిషమునకు 15 కుట్ల చొప్పున వేసినను ఇందుకు 82 నిమిషములు, అనగా గంటయు 22 నిమిషములు పట్టును. ఇది ఎడతెగక కూర్చుండి అల్లువారి లెక్క. మామ్మకు అంతసేపు ఎడతెగని తీరిక ఎన్నడు దొరకును? ఇచ్చట అయిదు నిమిషములు, అచ్చట పది నిమిషములు ఏరుకొని ఆమె ఆ గంటన్నరను కూర్చుకొనవలసి యున్నది. పుట్టబోవు బిడ్డకు ఆమె ఇచ్చుచున్నది ఊలు మాత్రమే కాదు. తన దినములోనుండి ఏరి తీసిన నిమిషములు.

అల్లిక మిక్కిలి ప్రాచీనమైన విద్య. ఈజిప్టుదేశమున సుమారు వేయి సంవత్సరములనాటి నూలు మేజోళ్లు దొరకినవి. రెండు సూదుల పనికి యంత్రము చాలకాలము క్రిందటనే పుట్టినది. 1589లో ఇంగ్లండుదేశీయుడైన విలియం లీ అను మతాచార్యుడు మేజోళ్లు అల్లు యంత్రమును నిర్మించెను. చేతి అల్లికతో బ్రతుకువారి కూడు పోవునని తలచి ఎలిజబెతు రాణి దానికి హక్కుపత్రము నిరాకరించెనని చెప్పుదురు. అయినను కాలక్రమమున యంత్రము నిలిచినది; నేడు లోకములోని మేజోళ్లు, బనియనులు దాదాపు అన్నియు యంత్రములే అల్లుచున్నవి.

క్రోషా సంగతి వేరు. యంత్రముపై తయారగు లేసు కొన్ని క్రోషావలె కనబడును గాని, కొక్కెపు సూదితో చేయి చేయు పనిని అచ్చముగా చేయు యంత్రము వాడుకలోనికి రాలేదు. కావున అంగడిలో నిజమైన క్రోషావస్తువు ఏది కనబడినను, దాని ప్రతి కుట్టును ఎవరో ఒకరి చేయి వేసినదేయని నిశ్చయముగా చెప్పవచ్చును. అది ఎవరి చేయి అను ప్రశ్న అందరును వేసికొనదగినది.

తమవారికే గాక, ముఖమెరుగని వారికొరకును జనులు అల్లిన సందర్భములు కలవు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు హిమాలయములలోని మన సైనికులకై దేశమున అనేకచోట్ల గృహిణులును, విద్యార్థినులును స్వెట్టరులు, మేజోళ్లు, మఫ్లరులు అల్లి పంపిరి. అది దేశమునకు ఇచ్చిన కానుక. మరియొకవిధమైన అవసరమును కలదు, అది ఆకలి. 1845లో ఐర్లండుదేశమున బంగాళదుంప పైరునకు తెగులు సోకి ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు అచ్చటి సన్న్యాసినీమఠములలో పేద స్త్రీలకు, బాలికలకు క్రోషా లేసు నేర్పిరి. వారు అల్లిన లేసును ధనవంతులు కొనిరి. సూదియు దారమును అనేక కుటుంబములను ఆకలినుండి కాపాడెను. కానుకలకై నేర్చిన విద్య ఇట్లు జీవనాధారమైనది.

మన గోదావరీమండలమునను ఇట్టి చరిత్ర యొకటి జరిగినది. పెద్దాపురమునుండి నైరుతి దిక్కుగా గోదావరి పాయలను దాటి పోయినచో, పశ్చిమగోదావరి జిల్లాలో, వసిష్ఠ గోదావరి యొడ్డున నరసాపురము కలదు. ఒకప్పుడు అది ఓడరేవు. దానికి చేరువనున్న మాధవాయపాలెములో ఇంగ్లీషువారికి వర్తకస్థానముండెను. ఆ యూరిపేరే నోటనోట మారి, 'మాదపొల్లము' అను ఒక రకపు నూలుబట్టకు లోకమంతట పేరైనది. పాలకొల్లులో డచ్చివారు వర్తకము చేసిరి. సముద్రముమీదుగా బట్టను పంపుట ఆ సీమకు క్రొత్త కాదు.

19వ శతాబ్దిలో, 1844 ప్రాంతమున, స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ దంపతులు గోదావరీమండలమున పేద క్రైస్తవ కుటుంబముల స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరని చెప్పుదురు. వారల్లినది మిషనరీల మిత్రులద్వారా విదేశములకు చేరుచుండెను. 20వ శతాబ్దిలో వర్తకులు దీనిని చేపట్టి ఎగుమతి వ్యాపారముగా పెంచిరి. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలోని గ్రామములలో ఈ పని వ్యాపించినది. మొదట పేద క్రైస్తవ స్త్రీలు, పిమ్మట కాపులు మొదలగు వ్యవసాయదారుల కుటుంబముల స్త్రీలు దీనిలో ప్రవేశించిరి. పొలమునకు కూలికి పోవుట గౌరవహానియని తలచు కుటుంబములలో, గడప దాటకుండ నాలుగు డబ్బులు సంపాదించుటకు లేసుపని అనుకూలమైనది. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యమును, ఆ తరువాతి మహాయుద్ధమును తట్టుకొని ఆ పని నిలిచినది. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు మొదలగు దేశములకు నరసాపురపు లేసు ఎగుమతి యగుచున్నది.

ఆ పని జరుగు విధము ఇట్టిది. వర్తకుని తరఫున ఏజెంటు దారమును గ్రామమునకు తెచ్చి ఇండ్లలో పంచును. ఒక స్త్రీ చిన్న పువ్వులను అల్లును. దీనిని చేతిపని యందురు. ఆ పువ్వులను ఒకదానికొకటి చేర్చుట మరియొక స్త్రీ పని. దానిని అతుకుపని యందురు. పిదప ఏజెంటు వానిని పోగుచేసి వర్తకునికి చేర్చును. అచ్చట ఉతికి, ఇస్త్రీచేసి, కట్టలు కట్టి ఓడకు పంపుదురు. పువ్వు అల్లినామెకు తన పువ్వు బల్లగుడ్డ యైనదో, దుప్పటి యైనదో తెలియుట అరుదు. అది ఏ దేశమునకు పోయి, ఏ ధరకు అమ్ముడైనదో తెలియు అవకాశము మరింత తక్కువ.

టోపీకి చేసిన లెక్కనే ఇచ్చటను చేయుదము. ఒక చిన్న పువ్వునకు 200 కుట్లనియు, ఒక బల్లగుడ్డకు అట్టి పువ్వులు 400 కావలెననియు అనుకొందము. మొత్తము 80,000 కుట్లు. నిమిషమునకు 15 చొప్పున ఇంచుమించు 89 గంటలు పట్టును. దినమునకు నాలుగు గంటలు కూర్చుండినను 22 దినములకు పైగా పని. అతుకుపని దీనికి అదనము. సన్నని దారమును చూచి చూచి కన్నులు అలయును. వంగి కూర్చుండుటచే మెడయు నడుమును నొచ్చును. ఇంత పనికి ముట్టవలసిన కూలి ఎంత? దానిని ఎవరు నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్నను లోకము వినునట్లు అడిగినవారిలో జర్మనీదేశపు సాంఘికశాస్త్రజ్ఞురాలు మారియా మీస్ ముఖ్యురాలు. ఆమె నరసాపుర ప్రాంతమునకు వచ్చి, లేసు అల్లు స్త్రీలతో మాటలాడి, వారి దినచర్యను పరిశీలించి, 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథమును వ్రాసెను. అది 1982లో ప్రకటింపబడినది. ఇంటిపనులన్నియు చేసికొనుచునే ఆ స్త్రీలు దినమునకు ఆరునుండి ఎనిమిది గంటలు లేసు అల్లుచుండిరని ఆమె కనుగొనెను. వారి సంపాదన మాత్రము పొలములలో పనిచేయు స్త్రీలకు నిర్ణయింపబడిన కనీస వేతనముకంటె తక్కువ. వర్తకులలోను, ఎగుమతిదారులలోను దాదాపు అందరును పురుషులే. విదేశపు ధనమును దేశమునకు తెచ్చుచున్న ఈ స్త్రీలను పనివారుగా గాక, తీరికవేళను సద్వినియోగము చేసికొను గృహిణులుగా మాత్రమే అందరును ఎంచుచుండిరి.

ఇట్లు జరుగుటకు కారణములు యోచింపదగినవి. మొదటిది, పని ఇండ్లలో చెదరియుండుట. ఒక కర్మాగారమున నూరుగురు కలిసి పనిచేసినచో వారు ఒకరితో నొకరు మాటలాడుకొని న్యాయమైన కూలి అడుగగలరు. నూరు అరుగులమీద నూరుగురు వేర్వేరుగా కూర్చుండినప్పుడు ఆ వీలు లేదు. రెండవది, దారమును సంతయు వర్తకుని చేతిలో నుండుట. మూడవది, "తీరిక" అను ఆ చిన్నమాట. మామ్మ వినయముతో అనిన మాటనే వర్తకుడు బేరములో వాడినప్పుడు, "మీరు ఊరకే కూర్చుండు వేళలో చేసినదే గదా!" అని కూలి తగ్గించుటకు అది సాధనమగును. ఇంటిపనుల నడుమ ఇమిడిపోవు గుణము అల్లికకు కీడును తెచ్చినదనుట ఇందువలననే. మధ్యమధ్య ఆగుచు చేసినంతమాత్రమున పని పని కాకపోదు.

కాలక్రమమున కొంత మార్పు వచ్చినది. స్త్రీలు పొదుపుసంఘములుగాను, సహకారసంఘములుగాను ఏర్పడి, క్రొత్త నమూనాలలో శిక్షణ పొంది, తామే వస్తువులను తయారుచేసి అమ్ముటకు పూనుకొనిరి. నరసాపురమునకు చేరువనున్న సీతారామపురములో లేసు పార్కు నెలకొల్పబడినది. మరియొకవైపున, యంత్రములపై తయారై చౌకగా వచ్చు విదేశపు లేసు పోటీకి నిలిచినది.

2024లో నరసాపురపు క్రోషా లేసునకు భౌగోళిక సూచిక లభించినది. ఒక ప్రాంతమునకే చెందిన వస్తువు పేరును ఇతరులు అపహరింపకుండ కాపాడుటకు భారతదేశము 1999లో చేసిన చట్టము క్రింద ఈ గుర్తింపును ఇత్తురు. పెద్దాపురమునకు సమీపముననున్న ఉప్పాడ గ్రామపు జాందానీ చీరలకు ఇట్టి గుర్తింపు 2009లోనే వచ్చినది. ఇకమీదట ఎక్కడనో యంత్రముపై చేసిన లేసును నరసాపురపు లేసని పేరుపెట్టి అమ్ముట చట్టవిరుద్ధము. అయితే ఈ గుర్తింపు పేరును కాపాడునుగాని, దానంతట అదియే కూలిని పెంచదు. పేరువలన వచ్చు లాభములో పువ్వు అల్లిన స్త్రీకి తగిన భాగము చేరినప్పుడే దాని ప్రయోజనము నెరవేరినట్లు. అందుకు సంఘముల బలమును, కొనువారి తెలివియు రెండును కావలెను. లేసు కొనువారు ధర విని, "ఇంతయేల?" అని యడుగుటకు ముందు ఒక పువ్వులోని కుట్లను లెక్కించి చూచుట మంచిది.

కానుకకు ధర కట్టరాదు, అది నిజమే. మామ్మ తన ఇష్టముతో, తన బిడ్డ బిడ్డకు తన నిమిషములను ఇచ్చుచున్నది. ఆమెకు కూలి ఎవరును ఈయనక్కరలేదు, ఆమె యడుగదు. కాని ఇతరుల బల్లకై, ఇతరుల లాభమునకై అల్లు స్త్రీ కానుక నిచ్చుట లేదు, పని నిచ్చుచున్నది. రెండింటను సూది యొక్కటే, దారము ఒక్కటే, కుట్టు ఒక్కటే. ఒకదానిలో ఇచ్చుట ఇచ్చువారి ఇష్టము; రెండవదానిలో చెల్లించుట పుచ్చుకొనువారి విధి. ఈ భేదమును మరచినవారే ప్రేమను సాకుగా చెప్పి పనిని ఊరక పుచ్చుకొందురు.

మరునాటి మధ్యాహ్నము పెద్దాపురపు టి అరుగుమీద మామ్మ మరల సూదిని చేపట్టెను. మనుమడు పలకపై వలయములను వ్రాసి, కూడి, గుణించి, "మామ్మా! నీవు తీరికగా ఉన్నానంటివి. ఈ టోపీకి 1,230 కుట్లు కావలెను తెలియునా?" అని యడిగెను.

"అన్ని యున్నవా! నేనెన్నడు లెక్కపెట్టలేదురా" అని ఆమె నవ్వెను.

అంతలో మగ్గము గుంటలోనుండి తాత కండెలకై కేకవేసెను. మామ్మ సూదిని ఉండలో గ్రుచ్చబోయెను. మనుమడు ఆమె చేతిని ఆపి, "నీవు లేవవద్దు. కండెలు నేను చుట్టియిత్తును" అని రాట్నముకడకు పరుగెత్తెను. సాయంకాలమువరకు వాడు అచ్చటనే యుండెను. దీపములు పెట్టు వేళకు టోపీ పూర్తియైనది.